నీలి వెలుగులో పగడం: కెమెరా పట్టేది, కన్ను చూసేది

ఉప్పునీటి అక్వేరియం ముందు నిలబడి ఫోన్‌తో ఒక్క ఫొటో తీసినవారికైనా ఈ అనుభవం ఉండే ఉంటుంది. కంటి ఎదుట పగడం ఆకుపచ్చ నోళ్లతో, నారింజ అంచులతో నిప్పుకణికలా వెలుగుతూ ఉంటుంది. తెర మీద మాత్రం నీలిమందు నీళ్లలో ముంచి తీసినట్టు అంతా ఒకటే నీలం. ఎడిటింగ్ యాప్‌లో టెంపరేచర్ స్లైడర్‌ను పసుపువైపు జరిపితే నీలం తగ్గుతుంది గాని, దానితోపాటే ఆకుపచ్చ పసుపుకు తిరుగుతుంది, గులాబీ ఇటుక రంగవుతుంది, ఊదా బూడిదగా మారిపోతుంది. ఇంకాస్త సరిచేద్దామని శాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచితే ఆ తొట్టెలో ఎక్కడా లేని రంగులు పుట్టుకొస్తాయి. ఫొటో చూసినవారు రంగులు పెంచి చూపించారని అనుమానిస్తారు, తీసినవారు తాము చూసిన అందంలో సగం కూడా రాలేదని బాధపడతారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఈ చిక్కుముడి ఏదో ఒక్క సెట్టింగుతో విడిపోయేది కాదు. దీపం ఇచ్చే వెలుగు, ఆ వెలుగును పగడం మార్చే తీరు, కెమెరా దాన్ని కొలిచే పద్ధతి, మన కన్ను దానికి అలవాటుపడే పద్ధతి అనే నాలుగు పోగులు ఇందులో పెనవేసుకుని ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: వెలుగుతో నిమిత్తం లేకుండా పగడానికి ‘అసలు రంగు’ అంటూ ఒకటి లేదు. ఏ వెలుగులో, ఏ అవసరానికి అన్నది తేల్చుకున్నాకే ‘కచ్చితమైన రంగు’ అన్న మాటకు అర్థం వస్తుంది. అది తేల్చుకోకుండా స్లైడర్లతో కుస్తీ పట్టడం వల్లే ఈ పనిలో ఎక్కువ శ్రమ వృథా అవుతోంది.

ముందుగా వెలుగు సంగతి. సముద్రపు నీరు ఎరుపును అన్నిటికన్నా ముందు మింగేస్తుంది. కొన్ని మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, పసుపు బలహీనపడతాయి, తేటనీటిలో అన్నిటికన్నా లోతుకు దిగేది నీలమే. పగడాల కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు, అంటే జూజాంతెల్లే, ఆ నీలి వెలుగును వాడుకొని కిరణజన్య సంయోగక్రియ జరిపి తమకు ఆశ్రయమిచ్చిన జీవికి ఆహారం అందిస్తాయి. వాటిలోని క్లోరోఫిల్ ఊదా, నీలం ప్రాంతాల్లోను, పెరిడినిన్ అనే వర్ణకం నీలం, ఆకుపచ్చ ప్రాంతాల్లోను వెలుగును బాగా పట్టుకుంటాయి. అందుకే పగడాల తొట్టెలపై అమర్చే ఎల్‌ఈడీ దీపాలు తమ శక్తిలో అధికభాగాన్ని 400 నుంచి 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య, అంటే ఊదా, నీలం ప్రాంతంలో, కుమ్మరిస్తాయి. రాయల్ బ్లూ అని పిలిచే ఎల్‌ఈడీలు 450 నానోమీటర్ల దగ్గర, వయొలెట్ ఎల్‌ఈడీలు 400 నుంచి 420 మధ్య వెలుగుతాయి. ఒక్కొక్కటీ ఇచ్చేది వర్ణపటంలో సన్నటి పట్టీ మాత్రమే. సూర్యకాంతిలా అన్ని తరంగదైర్ఘ్యాలూ నిండుగా ఉన్న వెలుగు కాదు.

ఈ సన్నదనమే అసలు సమస్య. మామూలు వస్తువు తన మీద పడిన వెలుగులో కొంత పీల్చుకొని మిగిలినదాన్ని తిప్పికొడుతుంది. పడిన వెలుగులో ఎరుపే లేనప్పుడు ఎర్రటి వస్తువు తిప్పికొట్టడానికి ఏమీ ఉండదు కనుక నల్లగానే కనిపిస్తుంది. 589 నానోమీటర్ల దగ్గర మాత్రమే వెలిగే పాతకాలపు సోడియం వీధిదీపాల కింద అన్ని కార్లూ ఒకే మట్టిరంగులో కనిపించడానికి కారణమూ ఇదే. కాంతిలోనే లేని సమాచారాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తీసుకురాలేదు. ఊహించి పూయగలదు, అంతే.

అయితే పగడం మామూలు వస్తువు కాదు. దాని రంగు మూడు పొరలుగా ఉంటుంది. అడుగున ఉన్నది శైవలాల గోధుమ రంగు. దాని మీద కొన్ని జాతుల్లో, ముఖ్యంగా ఆక్రోపొరా కొమ్మల చివర్లలో, వెలుగును పీల్చుకొని ఊదాగానో నీలంగానో గులాబీగానో కనిపించే క్రోమోప్రొటీన్లు ఉంటాయి. ఇవి తిరిగి వెలగవు, అద్దకపు రంగుల్లా పనిచేస్తాయి. మూడో పొర ప్రతిదీప్తి ప్రొటీన్లది. ఇవి పొట్టి తరంగదైర్ఘ్యం గల నీలాన్ని పీల్చుకొని పొడవైన తరంగదైర్ఘ్యం గల ఆకుపచ్చనో నారింజనో ఎరుపునో తిరిగి విడుదల చేస్తాయి. ఇలాంటి ప్రొటీన్‌ను 1962లో ఒసాము షిమొమురా ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీఫిష్ నుంచి వేరుచేశారు; ఆ పరిశోధన బాటలో నడిచిన మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లతో కలిసి 2008లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. పగడాలకు సంబంధించి ఇంకా దగ్గరి మలుపు 1999లో వచ్చింది. తమంతట తాము వెలగని పగడాల కుటుంబపు జీవుల్లో కూడా ఇటువంటి ప్రొటీన్లు ఉన్నాయని మిఖాయిల్ మాట్స్, ఆయన సహచరులు అప్పుడు చూపించారు. డిస్కోసోమా అనే మష్రూమ్ కోరల్‌లో దొరికిన ఎర్రటి ప్రొటీన్ 558 నానోమీటర్ల దగ్గర వెలుగును ఎక్కువగా పీల్చుకొని 583 దగ్గర విడుదల చేస్తుంది.

ఫొటో తీసేవారికి దీని పర్యవసానం చాలా పెద్దది. నీలి దీపం కింద పగడం చూపించే నారింజ రంగు దీపంలో ఉన్నది కాదు, పగడం స్వయంగా తయారుచేసి పంపుతున్నది. అదే పగడాన్ని పగటి వెలుగులో పెడితే తిప్పికొట్టిన తెల్లని కాంతి ముందు ఈ వెలుగు వెలవెలబోయి, అడుగున ఉన్న గోధుమ రంగే పైకి తేలుతుంది. నీలి వెలుగులో నారింజగా, పగటి వెలుగులో లేత గోధుమగా కనిపించిన రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి ఏది అబద్ధమని అడిగితే, ఏదీ కాదన్నదే జవాబు.

ఇక కన్ను. కన్ను వెలుగును కొలవదు, పోల్చుకుంటుంది. పసుపు బల్బు కింద చదివినా, నీడలో చదివినా పుస్తకం కాగితం తెల్లగానే అనిపించడానికి కారణం మెదడు దీపపు రంగును అంచనా కట్టి తీసివేయడమే. నీలి దీపాల గదిలో కొన్ని నిమిషాలు గడిపాక మనకు తొట్టె అంత నీలంగా అనిపించకపోవడం కూడా అందుకే. కాని ఈ తీసివేత సంపూర్ణం కాదు. దీపం ఎంత గాఢమైన రంగులో ఉంటే కన్ను అంత అసంపూర్ణంగా సర్దుకుంటుంది, కొంత నీలం మిగిలే ఉంటుంది. ఈ ‘కొంత’ను గుర్తు పెట్టుకోండి. ఎడిటింగ్‌లో జరిగే అతిపెద్ద పొరపాటు దీని దగ్గరే ఉంది, మళ్లీ వస్తాను.

కెమెరాకు కన్నులా పోల్చుకోవడం రాదు, లెక్కపెట్టడమే వచ్చు. సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి మాత్రమే ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన ఈ అమరికలో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. పగటి వెలుగులో ఈ మూడూ ఇంచుమించు తగిన పాళ్లలో నిండుతాయి. నీలి ఎల్‌ఈడీ కింద మాత్రం నీలం పిక్సెల్ పొంగి పొర్లే సమయానికి ఎరుపు పిక్సెల్ అడుగు కూడా తడవని చెంబులా ఉంటుంది. పొర్లిపోయిన నీలంలో పగడపు చర్మం తాలూకు గీతలు, మడతలు అన్నీ కరిగి ఒకే మచ్చగా మారతాయి. ఆకుపచ్చగా వెలగాల్సిన పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) చివర తెల్లబోయి లేత నీలంగా కనిపిస్తే అక్కడ జరిగింది ఇదే.

ఈ ప్రమాదాన్ని కెమెరా మనకు చెప్పదు. చాలా కెమెరాలు చూపించే మామూలు హిస్టోగ్రామ్, అంటే ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా పిక్సెళ్లను లెక్కగట్టి చూపే గ్రాఫు, మొత్తం ప్రకాశాన్ని లెక్కిస్తుంది, ఆ లెక్కలో మనిషి కంటికి అనుగుణంగా ఆకుపచ్చకు దాదాపు 72 శాతం, ఎరుపుకు 21, నీలానికి 7 శాతం మాత్రమే విలువ ఇవ్వడం పరిపాటి. కనుక నీలం పూర్తిగా పొర్లిపోయినా ఆ గ్రాఫు ఇంకా చీకటిగానే ఉందని చూపిస్తుంది, ఆటో ఎక్స్‌పోజర్ ఇంకాస్త వెలుగు కావాలని షట్టర్‌ను మరికొంత సేపు తెరిచి ఉంచుతుంది. మూడు రంగులనూ విడివిడిగా చూపించే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఉంటే దాన్ని తెరిచి, నీలం గీత కుడిగోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఫొటో తెర మీద చీకటిగా ఉందని భయపడనక్కర్లేదు. చీకటిని తర్వాత పైకి తేవచ్చు, పోయిన నీలాన్ని తేలేం.

దీపపు రంగును తీసివేసి తెలుపును తెల్లగా చూపించాలని కెమెరా తనంతట తాను చేసే సవరణ, అంటే ఆటో వైట్ బ్యాలెన్స్, ఎందుకు విఫలమవుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంవైపు జరుగుతుంది; సాధారణ కెమెరా 2,500 నుంచి 10,000 కెల్విన్ల మధ్య వెలుగును సరిచేయడానికి తయారైంది. పగడాల దీపాల పెట్టెల మీద 15,000, 20,000 కెల్విన్లని రాసి ఉంటుంది. నిజానికి అంత గాఢమైన నీలానికి కెల్విన్ లెక్క కూడా సరిగ్గా అతకదు, ఎందుకంటే వేడెక్కిన వస్తువు వెదజల్లే వెలుగుకు సంబంధించిన కొలత అది, ఎంత వేడెక్కినా ఏ వస్తువూ రాయల్ బ్లూ ఎల్‌ఈడీలా వెలగదు. అందుకే కెమెరా తన పరిధి చివర దాకా వెళ్లి ఆగిపోతుంది, మిగిలిన నీలం ఫొటోలో ఉండిపోతుంది. సెన్సర్ లెక్కలను ఉన్నవి ఉన్నట్టు దాచే రా ఫైల్‌గా తీస్తే ఈ చిక్కు సగం తగ్గుతుంది, ఎందుకంటే అందులో వైట్ బ్యాలెన్స్ ఒక సూచనగా మాత్రమే ఉంటుంది, సెన్సర్ లెక్కలు మారవు. లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో రా ఫైల్‌కు 50,000 కెల్విన్ల దాకా వెళ్లవచ్చు. కెమెరా తానే రంగులు తేల్చేసి దాచే మామూలు ఫొటో ఫైల్ జేపెగ్‌లో ఆ అవకాశం లేదు. అక్కడ పొర్లిన నీలం, తొక్కేసిన ఎరుపు రెండూ అప్పటికే గట్టిపడి ఉంటాయి. ఇప్పుడు చాలా ఫోన్లలోనూ రా తీసే వీలుంది కనుక ఈ విషయంలో రాజీపడవలసిన అవసరం లేదని నా నమ్మకం.

ఇంతవరకూ వచ్చాక ఏ ఫొటో కావాలో నిర్ణయించుకోవాలి. తొట్టెను చూడవచ్చినవారి కంటికి కనిపించినట్టు చూపించాలా? ప్రతిదీప్తిని మాత్రమే వేరుచేసి చూపించాలా? పగడం ఆరోగ్యాన్ని నెల నెలా పోల్చుకోవడానికి రికార్డు కావాలా? ఈ మూడింటికీ తీసే పద్ధతి వేరు, ఎడిట్ చేసే పద్ధతి వేరు.

కంటికి కనిపించినట్టు కావాలంటే తేలికైన మార్గం దీపాన్నే కొంచెం మార్చడం. చాలా దీపాల్లో తెల్ల, నీలి ఎల్‌ఈడీలకు వేరు వేరు నియంత్రణలు ఉంటాయి. ఫొటో తీసే కొద్ది నిమిషాలు తెల్ల ఎల్‌ఈడీలు పెంచి, నీలం తగ్గిస్తే సెన్సర్‌లోని మూడు రంగులూ ఊపిరి పీల్చుకుంటాయి, నీలం మిగిలి ఉంటుంది కనుక ప్రతిదీప్తి కూడా పూర్తిగా ఆరిపోదు. ఆ తర్వాత మళ్లీ మామూలు సెట్టింగుకు తేవాలి, ఎందుకంటే తమకు అలవాటైన వెలుగు ఒక్కసారిగా పెరిగి చాలాసేపు అలాగే ఉంటే పగడాలు దెబ్బతింటాయి. ఫొటో కోసం జీవిని ఇబ్బంది పెట్టకూడదు.

ప్రతిదీప్తిని వేరుచేయాలంటే లెన్స్ ముందు పసుపు లేదా నారింజ ఫిల్టర్ ఉంచాలి. దాదాపు 500 నానోమీటర్లకన్నా పొట్టి వెలుగును ఆపేసే గాఢమైన ఫిల్టర్ పెడితే నీళ్లు, రాళ్లు నల్లబడి, పగడం విడుదల చేసిన ఆకుపచ్చ, నారింజ మాత్రమే మిగులుతాయి. లేతగా ఉన్న ఫిల్టర్ నీలాన్ని కొంతే తగ్గించి, కంటికి దగ్గరగా ఉండే చిత్రాన్ని ఇస్తుంది. ఎలాగూ సాఫ్ట్‌వేర్‌లో నీలం తగ్గించవచ్చు కదా, ఈ గాజు ముక్క ఎందుకని కొందరు అడుగుతారు. ఎందుకంటే ఫిల్టర్ పని వెలుగు సెన్సర్‌ను తాకకముందే జరుగుతుంది. నీలం పొర్లదు కనుక షట్టర్‌ను ఇంకా ఎక్కువసేపు తెరిచి, ఆకలితో ఉన్న ఎరుపు, ఆకుపచ్చ పిక్సెళ్లను నింపుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ చేయగలిగింది అరకొరగా వచ్చిన ఎరుపును ఆరేడు రెట్లు హెచ్చవేయడమే; ఆ హెచ్చవేతలో గింజలు గింజలుగా నాయిస్ కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

తీసే సమయపు జాగ్రత్తల్లో కొన్ని రంగుకు సంబంధం లేనట్టు కనిపిస్తాయి గాని వాటి ప్రభావం రంగు మీదే పడుతుంది. గాజుకు ఎదురుగా, నిటారుగా నిలబడి తీయాలి. పక్కవాటుగా తీస్తే నీరు, గాజు, గాలి వెలుగును వేర్వేరుగా వంచడం వల్ల ఒక్కో రంగు ఒక్కో చోట పడి పాలిప్ అంచులకు ఇంద్రధనుస్సు పట్టీలు వస్తాయి. మామూలు గాజులోని ఇనుము వల్ల కొంత ఆకుపచ్చ ఛాయ కూడా కలుస్తుంది, ఇనుము తక్కువగా ఉన్న గాజులో అది తగ్గుతుంది. నీళ్లలో పేరుకున్న పసుపుదనం ఊదా, నీలాలను మింగుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ వాడితే తేటపడుతుంది. గాజు తుడిచి, లేచిన నలక అణిగేదాకా ఆగి, పంపులు కొన్ని నిమిషాలు ఆపి, గదిలో దీపాలన్నీ ఆర్పి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి తీయాలి. పంపులను తిరిగి వేయడం మరచిపోకూడదు. ఎల్‌ఈడీలు కంటికి కనిపించనంత వేగంగా మినుకుమంటుంటాయి కనుక ఫొటోలో చారలు వస్తే షట్టర్ వేగం తగ్గించడమే మందు.

ఇక తటస్థమైన బూడిద రంగుకు ఆధారం కావాలి. తెల్ల కాగితం పెట్టి కొలిచేవారిని చూశాను, నేనూ మొదట్లో అలాగే చేశాను. ఆ రోజు ఫొటోలన్నీ పసుపుగా తేలి, చాలా రాత్రి దాకా కారణం అంతుపట్టలేదు. మామూలు కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఊదా వెలుగు పడగానే తామే నీలంగా వెలుగుతాయి. అంటే కొలబద్దే అదనపు నీలాన్ని ఇస్తోంది, సాఫ్ట్‌వేర్ ఆ అదనాన్ని కూడా దీపం ఖాతాలో వేసి తీసేస్తోంది. నల్లా మరలకు చుట్టే తెల్లటి పీటీఎఫ్‌ఈ టేపు దీనికి చక్కటి ప్రత్యామ్నాయం. అది అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఇంచుమించు సమానంగా తిప్పికొడుతుంది, తాను వెలగదు, నీళ్లలో కరగదు. చిన్న ప్లాస్టిక్ ముక్కకు నాలుగైదు పొరలు చుట్టి, పగడం పక్కన, అదే లోతులో పెట్టి ఒక ఫొటో తీసుకుంటే చాలు. రంగులు సరిచూసుకోవడానికి 24 రంగుల గడులున్న కలర్ చెకర్ అట్టలు వాడే అలవాటున్నవారికి ఒక మాట: ఆ అట్ట వెలుగును తిప్పికొట్టే రంగులతో తయారైనది, పగడం వెలుగును విడుదల చేస్తుంది. అట్టతో తయారుచేసిన ప్రొఫైల్, అంటే కెమెరా రంగులను సరిచేసే పట్టిక, క్రోమోప్రొటీన్ల ఊదాకు కొంత సాయపడవచ్చు గాని ప్రతిదీప్తి విషయంలో దాన్ని ప్రమాణంగా తీసుకోలేం.

ఇప్పుడు ఒక్క పగడాన్ని దగ్గరగా చూద్దాం. పెంపకందారులు అకాన్ అని ముద్దుగా పిలుచుకునే మైక్రోముస్సా ఇది. బొటనవేలంత పాలిప్, చుట్టూ ఉబ్బిన నారింజ అంచు, అంచు నుంచి మధ్యకు చక్రపు ఆకుల్లా సాగే బూడిద, ఊదా మడతలు, మధ్యలో పెసరగింజంత ఆకుపచ్చ నోరు. ఎడిట్ చేయడానికి ముందు తొట్టె దగ్గరే నిలబడి ఈ వివరాలను కాగితం మీద రాసుకుంటాను: అంచు నారింజా, నారింజతో కలిసిన ఎరుపా? నోరు గడ్డి ఆకుపచ్చా, నీలం కలిసిన ఆకుపచ్చా? మడతలు అంచుకన్నా ఎంత చీకటిగా ఉన్నాయి? జ్ఞాపకం రంగులను ఎప్పుడూ గాఢం చేస్తుంది, కాగితం చేయదు.

రా ఫైల్ తెరిస్తే అంచు వెలిసిన గులాబీగా, నోరు లేత నీలంగా, మడతలు గాఢనీలంగా ఉన్నాయి. పీటీఎఫ్‌ఈ టేపు మీద వైట్ బ్యాలెన్స్ పరికరంతో నొక్కితే టేపు నిష్కల్మషంగా తెల్లబడింది. కాని అంచు మండుతున్న బొగ్గులా ఎర్రబడి, దాని మీది సన్నటి చుక్కలన్నీ మాయమయ్యాయి. నోరు నిమ్మపండు పసుపైంది. ఇందాక మళ్లీ వస్తానన్న పొరపాటు ఇదే. టేపును తెల్లగా చేయడానికి సాఫ్ట్‌వేర్ ఎరుపును అనేక రెట్లు పెంచింది. దీపం నుంచి వచ్చిన వెలుగు విషయంలో ఆ లెక్క న్యాయమే. అంచు నుంచి వచ్చిన నారింజ మాత్రం దీపానిది కాదు, దాన్ని కూడా అన్ని రెట్లు పెంచడం అన్యాయం. పైగా మన కన్ను నీలాన్ని పూర్తిగా తీసివేయలేదన్న సంగతి గుర్తుంది కదా. తొట్టె ముందు నిలబడినప్పుడు ఆ టేపు మనకు తెల్లగా కాదు, లేత నీలపు ఛాయతో కనిపించింది. కాబట్టి పూర్తి సవరణ దగ్గర ఆగకూడదు, వెనక్కి రావాలి. టేపులో నీలపు ఛాయ తిరిగి వచ్చేదాకా, అంచులోని చుక్కలు మళ్లీ విడివిడిగా కనిపించేదాకా, స్లైడర్‌ను నెమ్మదిగా నీలంవైపు జరిపాను. మూడింట రెండు వంతుల సవరణ దగ్గర అంచు కాగితం మీద రాసుకున్న నారింజకు చేరింది. ఆ నిష్పత్తి ప్రతి దీపానికీ మారుతుంది కనుక నా లెక్కను పట్టుకోవద్దు, గుర్తులను పట్టుకోండి.

ఆ తర్వాత మడతల్లో ఒక చిక్కు మిగిలింది: కంటికి బూడిదతో కలిసిన నీలంగా ఉన్న భాగం ఫొటోలో వంకాయ రంగుకు తిరిగింది. కెమెరా తన మూడు లెక్కలను తెర రంగులుగా మార్చే గణితం మామూలు వెలుగుకు తయారైంది, 450 నానోమీటర్ల సన్నటి నీలం దాన్ని తికమకపెడుతుంది. ఇక్కడ మొత్తం ఫొటో టింట్‌ను (ఆకుపచ్చ, గులాబీల మధ్య జరిపే స్లైడర్‌ను) కదపడం తప్పు, ఆకుపచ్చ నోరు కూడా కదిలిపోతుంది. నీలం, ఊదా రంగుల హ్యూను, అంటే రంగు ఛాయను, మాత్రమే వేరుగా తీసుకొని కొద్దిగా వెనక్కి తిప్పితే సరిపోయింది. ఒకే దీపం కింద తరచూ తీసేవారు ఈ సవరణలన్నిటినీ ఒక ప్రీసెట్‌గా దాచుకోవచ్చు. దీపం సెట్టింగు మారిన రోజున ఆ ప్రీసెట్ చెల్లదని మరచిపోకూడదు.

చివరగా నోరు. అది ఎంత ప్రయత్నించినా తొట్టెలో వెలిగినట్టు వెలగలేదు, వెలగదు కూడా. 500 నుంచి 520 నానోమీటర్ల మధ్య పగడం విడుదల చేసే స్వచ్ఛమైన ఆకుపచ్చ, మామూలు తెరలు అనుసరించే ఎస్‌ఆర్‌జీబీ పరిధికి చాలా బయట ఉంటుంది. కొత్త ఫోన్లలోని డిస్‌ప్లే పీ3 పరిధి ఇంకొంచెం పెద్దదే అయినా అక్కడికి చేరదు. చేరని రంగును శాచురేషన్‌తో నెట్టితే తెర తన హద్దు దగ్గర ఆగిపోయి, నోటి చుట్టూ ఉన్న సన్నని గీతలన్నిటినీ ఒకే ఆకుపచ్చ బిళ్లగా అతికిస్తుంది. అందుకని నేను ఎదురు దిశలో వెళతాను: ఆకుపచ్చ శాచురేషన్‌ను గీతలు మళ్లీ కనిపించేదాకా తగ్గించి, చుట్టూ ఉన్న మడతలను తొట్టెలో ఉన్నంత చీకటిగా ఉంచుతాను. వెలుగుతోందన్న భావన రంగు గాఢతకన్నా పరిసరాల చీకటి నుంచే ఎక్కువ పుడుతుంది. నీడలన్నీ పైకి లాగి ‘వివరాలు’ చూపించాలన్న తాపత్రయమే ఎన్నో మంచి పగడపు ఫొటోలను చప్పగా మార్చేస్తోంది.

ఎడిట్ చేసే చోటు గురించి కూడా చెప్పాలి. తొట్టె పక్కనే కూర్చొని, రెండింటినీ మార్చి మార్చి చూస్తూ సరిచేయడం సహజంగా తోచే పద్ధతి, కాని అది మోసం చేస్తుంది. నీలానికి అలవాటుపడిన కన్ను తెర వైపు తిరగ్గానే తెర పసుపుగా అనిపిస్తుంది, చెయ్యి తనకు తెలియకుండానే నీలం పెంచుతుంది. మరునాడు పొద్దున్న చూస్తే ఫొటో మళ్లీ నీలిమందే. వేరే గదిలో, మామూలు తెల్లటి వెలుగులో, కన్ను కుదుటపడేదాకా ఆగి, రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకొని చేయడం మేలు. తెరను 6,500 కెల్విన్ల తెలుపుకు క్యాలిబ్రేట్ చేసి, రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయాన్ని ఆపేయాలి. ఎడిటింగ్ 16 బిట్ల లోతులో, విశాలమైన రంగుల పరిధిలో చేసి, పంచుకోవడానికి మాత్రం ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ఆ రంగులను ఎలా చూపించాలో తెరకు చెప్పే ప్రొఫైల్‌ను ఫైల్‌లోనే ఉంచాలి. లేకపోతే అవతలివారి తెర మీద రంగులు వెలిసిపోయినట్టు కనిపించవచ్చు.

ఆరోగ్య రికార్డు కోసం తీసే ఫొటోకు ఈ సౌందర్య విచారణ ఏదీ అక్కర్లేదు. అక్కడ కావలసింది ఎప్పుడూ ఒకేలా తీయడం: అదే దీపం సెట్టింగు, అదే దూరం, అదే ఎక్స్‌పోజర్, చేత్తో స్థిరపరచిన వైట్ బ్యాలెన్స్, ఫ్రేములో అదే పీటీఎఫ్‌ఈ ముక్క. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన కోరల్‌వాచ్ ప్రాజెక్టు ఇదే సూత్రాన్ని సముద్రంలో వాడుతోంది. లేత నుంచి ముదురు దాకా 1 నుంచి 6 అంకెలు వేసిన రంగుల అట్టను పగడం పక్కన పెట్టి, రెండింటినీ ఒకే నీటిలో, ఒకే వెలుగులో పోల్చి చూస్తారు. పగడం లేతబారితే శైవలాలు తగ్గాయని అర్థం. ఇంటి తొట్టెకు కూడా ఒక హెచ్చరిక వర్తిస్తుంది. శైవలాలు పోతున్న పగడం ప్రతిసారీ తెల్లగానే మారదు. కొన్ని ఒత్తిడికి లోనైనప్పుడు ప్రతిదీప్తి, క్రోమోప్రొటీన్లను ఎక్కువగా తయారుచేసి మునుపటికన్నా మెరిసిపోతాయి. నీలి వెలుగులో మాత్రమే ఫొటోలు దాచుకునేవారు ఆ మెరుపును చూసి పగడం బాగా రంగు తిరిగిందని సంతోషించే ప్రమాదం ఉంది. అడుగున గోధుమ రంగు ఎంత మిగిలి ఉందో చెప్పేది తెల్లని వెలుగులో తీసిన ఫొటోయే కనుక, రికార్డుకు ప్రతిసారీ రెండు వెలుగుల్లోనూ తీసుకోవాలి.

పగడాలు కొనేవారికి, అమ్మేవారికి, మార్చుకునేవారికి మధ్య వచ్చే తగాదాలు చాలావరకు ఈ రెండు ఫొటోలతోనే తేలిపోతాయి. నీలి వెలుగులో ఒకటి, తెల్ల వెలుగులో ఒకటి పెట్టి, కింద దీపం సెట్టింగు, ఫిల్టర్ వాడారా లేదా అన్నది ఒక్క వాక్యంలో రాస్తే చాలు. ఇంత చేసినా కొత్త తొట్టెలోకి వెళ్లిన పగడం కొన్ని వారాల్లో వేరే రంగుకు మారవచ్చు. ఆ ప్రొటీన్లను ఎంత తయారుచేయాలన్నది పగడం తన మీద పడే నీలి వెలుగును బట్టి నిర్ణయించుకుంటుంది. అప్పుడు పాత ఫొటోకు, కొత్త పగడానికి పొంతన కుదరకపోయినా, తీసిన రోజున, ఆ దీపం కింద ఆ పగడం అలాగే ఉందని ఫొటో కింద రాసిన ఆ ఒక్క వాక్యం చెబుతుంది.